జూకు వెళ్తున్నామని మాత్రం చెప్పకండి

ప్రశ్న: సిస్టర్ గారికి నమస్కారం. మాది జగిత్యాల దగ్గర ఒక ఊరు. మా బాబుకు ఐదున్నర ఏళ్లు. ఏడాదిగా రాత్రిళ్లు నోరు తెరుచుకుని గురక పెడుతున్నాడు. తరచూ గొంతు వాచి జ్వరం వస్తోంది. టాన్సిల్స్‌తో పాటు ముక్కు వెనక ఉండే ఎడినాయిడ్స్ కూడా తీసేయాలని హైదరాబాదులో డాక్టరు గారు చెప్పారు. వచ్చే నెల, ఆషాఢంలో ఆపరేషన్. రెండు రాత్రులు ఆసుపత్రిలో ఉండాలట. వాడికి సూది అంటేనే హడల్. అందుకని ఏమీ చెప్పకుండా, జూ చూపిస్తామని బయల్దేరదీసి నేరుగా ఆసుపత్రిలో చేర్చేద్దామని మా వారు, మా అత్తగారు అంటున్నారు. ముందే చెబితే బెంగపెట్టుకుని అన్నం మానేస్తాడని వాళ్ల భయం. నాకు మనసొప్పడం లేదు. కానీ ఎలా చెప్పాలో తెలియడం లేదు. ఏమేం సర్దుకోవాలో కూడా చెప్పండి. మా రెండేళ్ల పాపను అత్తగారి దగ్గర వదిలి వెళ్లాలి.
– ఒక తల్లి

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో చాలా సంగతులు ఉన్నా అసలు ప్రశ్న ఒక్కటే: చెప్పాలా, వద్దా? చెప్పాలి. మీ వారినీ అత్తగారినీ నేను తప్పుపట్టడం లేదు. ముప్పై ఏళ్లు పిల్లల వార్డులో నర్సుగా పనిచేశాను. ఏదో ఒక కథ అల్లి పిల్లలను తీసుకొచ్చిన కుటుంబాలను లెక్కలేనన్ని చూశాను. అందరూ ప్రేమ కొద్దీ అల్లినవాళ్లే. కానీ ఆ కథ ఆసుపత్రి గేటు దాకానే పనిచేస్తుంది. ఆ తర్వాత పడే పాట్లన్నీ తల్లివి.

ఒకసారి ఆరేళ్ల పాపను టాన్సిల్స్ ఆపరేషన్‌కే తీసుకొచ్చారు. పట్టుపరికిణీ, జడలో పూలు, చేతుల నిండా గాజులు. పెళ్లికి వెళ్తున్నామని చెప్పారట. మంచం మీద కూర్చోబెట్టగానే చుట్టూ చూసి, "అమ్మా, బాజాలేవీ?" అని అడిగింది. నేను గాజులు తీస్తుంటే ఒక్కొక్కటీ లెక్కపెట్టుకుంటూ కూర్చుంది తప్ప ఏడవలేదు. ఆపరేషన్ చక్కగా జరిగింది. మర్నాడు తల్లి గ్లాసు పట్టుకుని, "ఒక్క గుటక తాగమ్మా, నొప్పి పుట్టదు" అంటే మూతి బిగించుకుని గోడవైపు తిరిగింది. ఎందుకు తిరగదు? అమ్మ చెప్పిన పెళ్లే లేనప్పుడు, నొప్పి పుట్టదన్న మాటను ఎలా నమ్ముతుంది? ఇంటికి వెళ్లాల్సిన పిల్లకు మళ్లీ సెలైన్ పెట్టాల్సి వచ్చింది.

మీ బాబు విషయంలో నా పట్టుదల అందుకే. టాన్సిల్స్ తీయడం డాక్టరు పని. ఆ తర్వాత రెండు వారాలు వాడిచేత నీళ్లు తాగించడం మీ పని. గుటక వేస్తే నొప్పి. నొప్పికి భయపడి వేయకపోతే గొంతు ఎండి ఇంకా నొప్పి, పైగా నీరసం. "మొదటి గుటక మండుతుంది నాన్నా, మూడోదానికి తగ్గుతుంది" అని మీరు అన్నప్పుడు వాడు మీ మాట నమ్మి గ్లాసు అందుకోవాలి. ఆ నమ్మకాన్ని ముందు వారంలోనే సంపాదించుకోవాలి. మంచం పక్కన నిలబడి అప్పటికప్పుడు తెచ్చుకోలేం.

చెబితే బెంగపెట్టుకుంటాడంటారా? కొంత పెట్టుకుంటాడు. చెప్పకపోతే పెట్టుకోడనుకోవడం మాత్రం పొరపాటు. మీరు ఫోనులో అక్కతో గొంతు తగ్గించి మాట్లాడుతుంటే బొమ్మ కారు తోసుకుంటూ అన్నీ వింటూనే ఉంటాడు. సగం విన్న మాటలోంచి పుట్టే భయానికి అంతుండదు. గొంతు కోస్తారట అన్న ముక్క ఒక్కటి చెవిన పడితే చాలు.

ఐదున్నర ఏళ్లవాడికి నాలుగైదు రోజుల ముందు చెప్పడం సరిపోతుంది. రెండు మూడేళ్ల పిల్లలకైతే ఒకటి రెండు రోజుల ముందు చాలు, వాళ్లకు 'వచ్చే వారం' అంటే ఏమిటో తెలియదు. ఎనిమిది తొమ్మిదేళ్లు దాటితే తేదీ నిశ్చయం కాగానే చెప్పేయాలి. పడుకునే వేళ చెప్పకండి. మధ్యాహ్నం అన్నం తిన్నాక, ఇద్దరూ తీరిగ్గా ఉన్నప్పుడు మొదలుపెట్టండి. ఒక్క విడతలో అంతా చెప్పేయనక్కర్లేదు. వాడు అడిగినదానికి జవాబు చెప్పి ఆగండి, మిగతాది మర్నాడు వాడే అడుగుతాడు.

అంతకంటే ముందు ఇంట్లో రెండు మాటలు మానేయాలి. ఒకటి, "అన్నం తినకపోతే డాక్టరుకు చెప్పి సూది వేయిస్తా" అనడం. మన ఇళ్లలో ఒకప్పుడు బూచాడు చేసే ఉద్యోగం ఇప్పుడు మాకు అప్పగించారు. నేను వార్డులోకి అడుగుపెడితే పిల్లలు నా ముఖం వంక చూసేవారు కాదు, చేతుల వంక చూసేవారు. రెండోది, "ఐసులు తిని తెచ్చుకున్నావు" అనడం. మీ అత్తగారు అన్నారో లేదో నాకు తెలియదు, అని ఉంటారనే నా అనుమానం. ఐసుల వల్ల టాన్సిల్స్ పెరగవు. కానీ ఈ వయసు పిల్లలు జబ్బును శిక్ష అనుకుంటారు. "నువ్వు ఏ తప్పూ చేయలేదు" అని వాడికి విడిగా, స్పష్టంగా ఒకసారి చెప్పండి.

ఇక చెప్పడం ఎలాగంటే, ఉన్నది ఉన్నట్టే. "నీ గొంతులో రెండు ముద్దలు వాచి ఉన్నాయి. అందుకే రాత్రి ఊపిరి సరిగ్గా అందక గురక వస్తోంది, మాటిమాటికీ జ్వరం వస్తోంది. డాక్టరు గారు వాటిని తీసేస్తారు. తీసేటప్పుడు నీకు తెలియదు, ఎందుకంటే నీకు మందుతో నిద్ర వచ్చేలా చేస్తారు. లేచాక గొంతు నొప్పిగా ఉంటుంది. దానికి మందు ఇస్తారు. రెండు రాత్రులు అక్కడే పడుకుంటాం. నేను నీతోనే ఉంటాను. తర్వాత ఇంటికి వస్తాం." ఇంతే. ఆ ఆఖరి మాట మరవకండి. ఇంటికి తిరిగి వస్తామన్న సంగతి మనకు చెప్పనక్కర్లేనిది, వాడికి చెప్పాల్సింది.

మందు నిద్ర గురించి ఒక మెలిక ఉంది. నిద్రపోతావని ఊరికే అంటే, రాత్రి మంచినీళ్లకు లేచినట్టు మధ్యలో లేస్తే ఎలా అన్న భయం పుడుతుంది. కొందరు పిల్లలు ఆ తర్వాత ఇంట్లో పడుకోవడానికే జంకుతారు. "ఇది రాత్రి నిద్ర లాంటిది కాదు. మత్తు డాక్టరు గారు నీ పక్కనే కూర్చుని చూస్తుంటారు. పని అయ్యేదాకా మెలకువ రాదు, అయ్యాక తప్పకుండా వస్తుంది" అని చెప్పండి. కోయడం, రక్తం, కుట్లు లాంటి మాటలు మీ అంతట మీరు తేవద్దు. వాడు అడిగితే మాత్రం అబద్ధం వద్దు.

సూది సంగతి. ఉండదని చెప్పకండి, ఉంటుంది. చేతికి క్యాన్యులా పెడతారు. గుచ్చిన సూది చేతిలోనే ఉండిపోతుందని పిల్లలు అనుకుంటారు. పెద్దవాళ్లలోనూ చాలామంది అదే అనుకుంటారు. అందుకే ఆ చేతిని కొయ్యలా బిగబట్టుకుని రెండు రోజులు కదపరు. సూది అప్పుడే బయటికి వచ్చేస్తుంది, లోపల ఉండేది మెత్తటి, సన్నటి ప్లాస్టిక్ గొట్టమే. ఈ ముక్క చెప్పాక ఆ చేత్తోనే బొమ్మలు గీసుకున్న పిల్లలను చూశాను. గుచ్చే చోట చర్మాన్ని మొద్దుబార్చే మలాము ఉంటుంది. దాన్ని గంట ముందే రాసి పైన ప్లాస్టర్ వేయాలి కాబట్టి చేరిన వెంటనే సిస్టర్‌ను అడగండి. అడిగితే కాదనరు. అడగకపోతే ఆ హడావుడిలో గుర్తుండదు.

ఇంట్లో ఆసుపత్రి ఆట ఆడించండి. డాక్టరు వాడే కావాలి, మీరు రోగి. మీ ముక్కు మీద గిన్నె బోర్లించి, "గట్టిగా ఊపిరి పీల్చండి" అని వాడే మీకు చెప్పాలి. థియేటర్‌లో మాస్కు పెట్టినప్పుడు అది వాడికి తెలిసిన ఆటే అవుతుంది. మా వార్డులో ఒక పిల్లాడు నాకు నూట యాభై సూదులు వేశాడు. తన సూదికి మాత్రం ఏడ్చాడు. ఏడవనివ్వండి. ధైర్యంగా ఉండటమంటే ఏడవకపోవడమని మనం పెట్టిన నియమమే, వాడికి దానితో పనిలేదు.

ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టరు ఒకసారి చూస్తారు. అక్కడ ఏదీ దాచకండి. దగ్గు, జలుబు, ఆయాసం, ఏ మందైనా పడకపోవడం, దెబ్బ తగిలితే రక్తం త్వరగా ఆగకపోవడం, ఇంట్లో ఎవరికైనా మత్తుతో ఇబ్బంది కలగడం, ఎవరో ఇచ్చిన నాటు మందు, అన్నీ చెప్పండి. మీ బాబు వయసులో ఇంకొకటి ఉంది: ఊగే పళ్లు. ముందు పన్ను ఊగుతుంటే తప్పకుండా చెప్పాలి. శ్వాస గొట్టం వేసేటప్పుడు అది ఊడి లోపలికి జారే ప్రమాదం ఉంటుంది కాబట్టి వాళ్లు ముందే జాగ్రత్తపడతారు. బయల్దేరే ముందు జలుబు చేసినా, జ్వరం వచ్చినా ఫోను చేసి అడిగి కదలండి. వాయిదా వేద్దామంటే విసుక్కోకండి. ఆరోగ్యశ్రీ వర్తిస్తుందేమో కూడా ముందే కనుక్కోండి. ఆ పథకం ఉన్న ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర ఉంటారు.

ఇప్పుడు కడుపు ఖాళీగా ఉంచడం గురించి. నేను చూసిన గొడవల్లో సగం ఇక్కడే మొదలయ్యాయి. మామూలుగా అన్నం, టిఫిను, పాలు ఆపరేషన్‌కు ఆరు గంటల ముందే ఆపాలి. మంచినీళ్లు రెండు గంటల ముందు వరకు ఇవ్వవచ్చు, కొన్నిచోట్ల గంట ముందు వరకు కూడా ఇస్తున్నారు. మీ ఆసుపత్రి చెప్పిన సమయమే మీకు లెక్క, దాన్ని కాగితం మీద రాయించుకోండి. పాలు తాగేవే కదా అనుకుంటారు. కడుపులోకి వెళ్లాక అవి విరిగి గడ్డకడతాయి, అన్నం కిందే లెక్క. మత్తులో కడుపులోది పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి జారితే ప్రాణం మీదికి వస్తుంది. ఒక నానమ్మ ఇలాగే, పసివాడి కడుపు మాడుస్తున్నారని జాలిపడి, కోడలు స్నానానికి వెళ్లినప్పుడు పాలలో ముంచిన బిస్కెట్టు ఒకటి తినిపించింది. థియేటర్ గుడ్డలు తొడుగుతుంటే వాడి మూతికి అంటిన పొడి చూసి నేను పట్టుకున్నాను. ఆ రోజు ఆపరేషన్ ఆగిపోయింది. ఆవిడ నన్ను తిట్టిన తిట్లు ఇప్పటికీ గుర్తున్నాయి. మీ అత్తగారు ఊళ్లోనే ఉంటున్నారు కాబట్టి మీకు ఆ బెడద లేదు. మీ వారికి మాత్రం ఈ పేరా చదివి వినిపించండి.

మొలతాడు, తాయెత్తు, చేతి కడియం థియేటర్‌లోకి వెళ్లనివ్వరు. తలుపు దగ్గర కత్తెర తెస్తే మీకూ బాధ, వాడికీ భయం. ఇంటి దగ్గరే అత్తగారి చేతే తీయించి, చిన్న గుడ్డలో కట్టి దిండు కింద పెట్టుకోండి. ఆషాఢమన్నారు కదా, గోరింటాకు పెట్టేటప్పుడు ఒకటి రెండు వేళ్లు వదిలేయండి. రక్తంలో ఆక్సిజన్ చూసే క్లిప్పు గోటి మీద పెడతారు, పండిన ఎరుపు దానికి అడ్డు రావచ్చు. అన్నట్టు, శూన్యమాసంలో ఆపరేషన్ ఏమిటని ఎవరైనా అంటే జవాబు నన్ను అడగకండి. నా కాన్పులు రెండూ ఆషాఢంలోనే.

సంచి బరువు పెంచకండి. పాత రిపోర్టులన్నీ ఒక ఫైలులో, ఆధార్, వాడుతున్న మందులు, ముందు బొత్తాలున్న చొక్కాలు మూడు నాలుగు, వాడి గ్లాసు, వాడి బొమ్మ, ఫోను ఛార్జరు. వీటన్నిటి కంటే ముఖ్యం మీ పాత నూలు చీర ఒకటి, ఉతికింది కాదు, కట్టి విడిచింది. ఆసుపత్రి వాసన మధ్య ఆ చీర కప్పితే పడుకునే పిల్లలు ఎంతమందో. మీకూ తినడానికి ఏదైనా పెట్టుకోండి, తల్లులు వార్డులో కళ్లు తిరిగి పడిపోవడం కొత్తేమీ కాదు.

తల్లి పక్కన ఉండటం ఇప్పుడు మనకు మామూలు సంగతి. ఒకప్పుడు బ్రిటన్‌లో చాలా ఆసుపత్రుల్లో తల్లిదండ్రులను వారానికి ఒకటి రెండుసార్లు, అదీ కాసేపే రానిచ్చేవారు. జేమ్స్ రాబర్ట్‌సన్ అనే ఆయన ఆసుపత్రిలో ఒంటరిగా ఉన్న రెండేళ్ల పాప ఎనిమిది రోజులు ఎలా గడిపిందో సినిమా తీసి 1952లో డాక్టర్లకు చూపించాడు. చాలామందికి కోపం వచ్చింది. 1959లో అక్కడి ప్రభుత్వ కమిటీయే తల్లిదండ్రులను ఎప్పుడైనా రానివ్వాలని చెప్పింది. మన తల్లులు ఏ కమిటీ చెప్పకముందే మంచం కింద చాప వేసుకుని పడుకున్నారు. అందుకని పక్కన ఉండేది ఎవరో ఇద్దరూ ముందే అనుకోండి. సాధారణంగా ఒక్కరినే ఉండనిస్తారు. పరామర్శకు వచ్చే చుట్టాలను ఇంటికే రమ్మనండి.

థియేటర్ తలుపు దగ్గర వీడ్కోలు పొడిగించకండి. "నేను ఈ కుర్చీలోనే ఉంటాను" అని చెప్పి, చెప్పినట్టే ఆ కుర్చీలో ఉండండి. టీ తాగాలంటే మీ వారిని కూర్చోబెట్టి వెళ్లండి. మత్తు వచ్చేదాకా తల్లిని లోపలికి రానిచ్చే చోట్లు కూడా ఉన్నాయి, అడిగి చూడండి. అక్కడ కళ్లు తేలేసినట్టు, ఒళ్లు వదిలేసినట్టు కనిపిస్తాడు. అది మందు పనిచేయడమే.

ఇక ఎవరూ ముందుగా చెప్పని సంగతి ఒకటి. మత్తు దిగేటప్పుడు ఈ వయసు పిల్లల్లో కొందరు పూనకం వచ్చినట్టు ఏడుస్తారు. కాళ్లు తన్నుకుంటారు, అమ్మను కూడా గుర్తుపట్టరు. తల్లులు హడలిపోయి, మెదడుకేమైనా అయిందా అని నా చెయ్యి పట్టుకునేవారు. అరగంట లోపే చాలావరకు సర్దుకుంటుంది. తర్వాత వాడికి అది గుర్తు కూడా ఉండదు. కింద పడకుండా, క్యాన్యులా లాగేసుకోకుండా పట్టుకుని మెల్లగా పేరు పెట్టి పిలుస్తూ ఉండండి. సిస్టర్ దగ్గరే ఉంటుంది.

పాప సంగతి. రెండేళ్లది కాబట్టి చెప్పకుండా జారుకుందామనిపిస్తుంది. వద్దు. "అన్నయ్యను డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నా, రెండుసార్లు బజ్జుంటే వచ్చేస్తా" అని చెప్పి, ఏడిచినా సరే, కనిపిస్తూనే వెళ్లండి.

ఇంటికి వచ్చాక గొంతులో టాన్సిల్స్ ఉన్నచోట తెల్లటి పొర కడుతుంది, నోరు వాసన వస్తుంది. చీము పట్టిందని అత్తగారు కంగారుపడతారు. చీము కాదు, పుండు మానే తీరే అది. చెవి నొప్పి అంటాడు. చెవిలో ఏమీ ఉండదు, గొంతు నొప్పే అటు పాకుతుంది. మూడో నాలుగో రోజుకు నొప్పి తగ్గకపోగా పెరిగినట్టు కూడా ఉండవచ్చు. అందుకే నొప్పి మందును డాక్టరు రాసిన మోతాదులో, గడియారం చూసి ఇవ్వండి, వాడు ఏడ్చేదాకా ఆగకండి. ఇంట్లో మిగిలిన దగ్గు మందులు, ఆస్పిరిన్ పొరపాటున కూడా వద్దు. కొన్ని దగ్గు మందుల్లో, నొప్పి మందుల్లో కోడీన్ అనే మందు కలిసి ఉంటుంది, ఈ ఆపరేషన్ అయిన పిల్లలకు అది ప్రమాదం. జావ, పెరుగన్నం, మెత్తటి ఇడ్లీ, చల్లటి మజ్జిగ పెట్టండి. ఐస్‌క్రీమ్ కూడా పెట్టవచ్చు, ఈసారి అత్తగారి ఎదుటే. సకినాలు, జంతికలు, ఆవకాయ డాక్టరు చెప్పేదాకా ఆగాలి. ఎర్రటి షర్బత్తులు వద్దు. కక్కితే అది రంగో రక్తమో తెలియక చస్తారు.

రక్తం గురించి గట్టిగా చెబుతున్నాను. మొదటి రోజు గండం గడిచాక, పొర ఊడే ఐదో రోజు నుంచి పదో రోజు దాకా మళ్లీ రక్తం వచ్చే అవకాశం ఉంటుంది. తాజా ఎర్రటి రక్తం ఉమ్మినా, కక్కినా, నిద్రలో మాటిమాటికీ గుటకలు మింగుతున్నా ఆగుతుందేమో చూద్దామనుకోకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. హైదరాబాదు మీకు గంటల ప్రయాణం. కాబట్టి డిశ్చార్జి కాగితం చేతికి వచ్చేలోపే, "అర్ధరాత్రి రక్తం వస్తే మాకు దగ్గరలో ఎక్కడికి వెళ్లాలి?" అని డాక్టరును అడిగి, జగిత్యాలలోనో కరీంనగర్‌లోనో రాత్రిపూట చెవి ముక్కు గొంతు డాక్టరు, థియేటర్ ఉన్న ఆసుపత్రి పేరు, ఫోను నంబరు రాసుకోండి. వీలైతే ఆ పది రోజులు ఊళ్లో కాకుండా టౌనులో చుట్టాల ఇంట్లో ఉండండి.

రెండు మూడు వారాలు వాడు కొంగు వదలకపోవచ్చు. పక్క తడపవచ్చు, రాత్రి ఉలిక్కిపడి లేవవచ్చు. దండించకండి, ఎక్కువమందిలో దానంతట అదే పోతుంది. నెల దాటినా పోకపోతే పిల్లల డాక్టరుకు చెప్పండి.

జూ మాట ఇప్పటికే వాడి చెవిన పడి ఉంటే దాన్ని మింగేయకండి. "ఈసారి వెళ్లేది ఆసుపత్రికి, మళ్లీ చూపించుకోవడానికి వెళ్లినప్పుడు జూకు" అని చెప్పి, డాక్టరు సరేనన్నాక తీసుకెళ్లండి. సోమవారం పెట్టుకోకండి, ఆ రోజు జూకు సెలవు.